రెండో సంతకం ఆయనది

బ్యాంకులో ఆ అమ్మాయి కంప్యూటరు మీద నుంచి తల ఎత్తకుండానే అడిగింది. "రెండో సంతకం పెట్టే సార్ రాలేదా?"

"రాలేడమ్మా. పోయి రెండు నెలలైంది."

అప్పుడు తలెత్తింది. పాపం చిన్నపిల్ల, ఆదోని బ్రాంచికి వచ్చి ఆరు నెలలు కూడా అయినట్టు లేదు. "అయ్యో, సారీ సార్" అని మళ్లీ తన పనిలో పడింది. ఆయన పేరు తీసేయాలంటే మరణ ధ్రువీకరణ పత్రం కావాలట. సంఘం తీర్మానం కావాలట. కొత్తగా సంతకం పెట్టబోయే మనిషి ఫొటోలు కావాలట. అవన్నీ ఒక చీటీ మీద రాసిచ్చి, సరిచూసుకోమని తెర నా వైపు తిప్పింది. పక్కపక్కన రెండు సంతకాలు. ఒకటి నాది, కోడి గీకినట్టుంటుంది. ముప్పై ఏళ్లు పిల్లల నోటుపుస్తకాలు దిద్ది దిద్ది అట్లా తయారైంది. రెండోది ఆయనది. పేరు మొత్తం తెలుగులో, గుండ్రంగా, ఒక్క అక్షరం కూడా మింగకుండా.

"ఇంత నీటుగా సంతకం పెట్టేవాళ్లు ఇప్పుడు లేరు సార్" అంది ఆ అమ్మాయి.

నిజమే తల్లీ, లేరు. ఆ నీటైన పేరుకు నేను చేసిన ద్రోహం ఒకటుంది. ఎనిమిదేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. అది చెప్పాలంటే ముందు ఆ మనిషి ఎట్లాంటివాడో చెప్పాలి.

మాది చిన్న సంఘం. మొత్తం పన్నెండు మందిమి. ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు చుట్టుపక్కల కిడ్నీ జబ్బు పడినవాళ్లను వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, కర్నూలుకు తీసుకుపోయి రక్తం శుద్ధి చేయించి తిరిగి ఇళ్ల దగ్గర దింపడం. అంతే మా పని. అందుకు ఒక బాడుగ వ్యాను. నేను కార్యదర్శిని, ఎమ్మిగనూరులో హైస్కూలు టీచర్ని. ఆయన కోశాధికారి. ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లులో ముప్పై ఏళ్లు గుమస్తాగా చేసి, మిల్లు మూతపడ్డాక ఇంటిపట్టున ఉన్నవాడు. ఊళ్లో అందరికీ ఆయన 'సాబ్'. నేను 'భాయ్' అనేవాణ్ని. ఆయన నన్ను 'సారూ' అనేవాడు, కానీ నువ్వు అనే మాట్లాడేవాడు.

బ్యాంకు ఖాతా ఆదోనిలో. ఏ చెక్కు మీదైనా ఇద్దరి సంతకాలూ ఉండాలి. అందుకని నెలకోసారి ఆయన బస్సెక్కి ఎమ్మిగనూరు వచ్చేవాడు. చెక్కుబుక్కును రెండు అట్టముక్కల మధ్య పెట్టి, దారంతో కట్టి, పత్తి శాంపిలు తెచ్చే గుడ్డసంచిలో వేసుకుని వచ్చేవాడు. ఆ అట్టలు మా ఊరి చీరల డబ్బాలవి. బడి వరండాలో బెంచీ మీద కూర్చునేవాడు. నేను క్లాసులో ఉంటే పిలవనిచ్చేవాడు కాదు. "పాఠం మధ్యలో నిలబెట్టి సంతకం పెట్టిస్తే పాఠం పాయ, సంతకం పాయ" అనేవాడు.

నాకు మొదటినుంచీ ఓపిక తక్కువ. ఒకసారి విసుగొచ్చి అన్నాను. "భాయ్, ప్రతి నెలా నీకెందుకీ తిప్పలు? పది చెక్కుల మీద ఒకేసారి గీకి ఇచ్చేస్తా, దగ్గర పెట్టుకో."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. కోపమొచ్చినప్పుడు ఆయన చేసే పని అదొక్కటే.

"సారూ, మీ ఇంటి తాళంచెవి నాకిచ్చి ఊరికి పోతావా?"

"నీకైతే ఇస్తా."

"నేనైతే తీసుకోను. పోయినోడివి నువ్వు నిశ్చింతగా పోతావు. ఈడ నిద్ర ఉండనిది నాకు."

అంతే, మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు.

చెక్కు రాయడం చూడాలి ఆయన! చేతులు కడుక్కుని, తువాలుతో తుడుచుకుని, అప్పుడు పెన్ను తీసేవాడు. మొదట అక్షరాల్లో రాసేవాడు, తర్వాతే అంకెల్లో. 'మాత్రమే' అని రాశాక మిగిలిన ఖాళీలో చివరిదాకా గీత గీసేవాడు. ఎందుకంత అంటే, "సున్నాకు సిగ్గుండదు సారూ, యాడ సందుంటే ఆడ దూరి కూసుంటాది" అనేవాడు. బ్యాంకులో ఎవరైనా పెన్ను అడిగితే ఇచ్చేవాడు కానీ మూత తన దగ్గరే పెట్టుకునేవాడు. మూత లేని పెన్ను ఎవరూ జేబులో వేసుకుపోరని ఆయన లెక్క. పింఛను కోసం వచ్చిన ముసలమ్మలకు ఫారాలు నింపిపెట్టి, నింపింది పైకి చదివి వినిపించి, సరేనా అవ్వా అని అడిగి, అప్పుడు వేలిముద్ర వేయించేవాడు. వెనక లైనులో జనం తిట్టుకునేవాళ్లు. ఆయనకు పట్టేది కాదు.

బ్యాంకు గోడకు చెక్కులు వేసే పెట్టె ఉంటుంది కదా, అందులో మాత్రం చచ్చినా వేసేవాడు కాదు. గంటసేపైనా లైనులో నిలబడి, లోపలి మనిషి చేతికిచ్చి, కౌంటరు ఫాయిలు మీద ముద్ర కొట్టించుకుని వచ్చేవాడు. ఆ ఫాయిళ్లన్నీ ఇంట్లో ఒక ఇనుప తీగకు గుచ్చి ఉండేవి. మిల్లులో తూకం చీట్లు అట్లాగే గుచ్చేవాళ్లట. దసరాకు జరిగే దేవరగట్టు పండగ మరుసటి రోజు బ్యాంకులో జనం ఉండరని కనిపెట్టి, ఏడాది పొడుగునా పెండింగు పడిన పనులన్నీ ఆ రోజుకు దాచుకునేవాడు.

ఇక మాకు తలనొప్పి ఎక్కడంటే, చెక్కు మీద పేరు దగ్గర. మా ప్రాంతం జనం డబ్బు ఇవ్వడానికి వెనకాడరు. కానీ సంఘానికి ఇవ్వడం వాళ్లకు తెలీదు, మనిషికి ఇస్తారు. మా సంఘం పేరు చూడబోతే బారెడు పొడుగు. రిజిస్ట్రేషను రోజున నేనే ఉత్సాహపడి పెట్టాను, తప్పు నాదే. దానికితోడు ఎవరికీ గుర్తుండదు. అందుకని సగానికి సగం చెక్కులు ఆయన పేరు మీదే వచ్చేవి. వచ్చినవి వచ్చినట్టు వెనక్కి తీసుకుపోయి, ఇచ్చినవాళ్ల చేత మార్పించి తెచ్చేవాడు. ఐదువందల చెక్కు కోసం మాధవరం దాకా పోయి వచ్చాడొకసారి. బస్సు చార్జీలు ఆయనవే.

ఇట్లా ఉండగా ఒక ఆదివారం మేం సమావేశమై ఉంటే ఆలూరు అవతలి పల్లె నుంచి ఒక రైతు వచ్చాడు. ఆయన భార్య ఏడాదిన్నర మా వ్యానులో తిరిగి, ఆ శీతాకాలంలోనే పోయింది. ఆయన ఆదోని మార్కెట్లో పత్తి అమ్ముకున్నాడు. మార్కెట్లో రైతుకు డబ్బులిచ్చేది మండీ సావుకారు. ఆయనకు చెప్పి, తన పత్తి డబ్బులో నలభై వేలకు విడిగా చెక్కు రాయించుకుని వచ్చాడు. తువాలు కొసన కట్టుకుని తెచ్చిన ఆ చెక్కు తీసి భాయ్ చేతిలో పెట్టాడు.

భాయ్ చూశాడు. పేరు తనదే.

"నా పేరు మీద యాల రాయిస్తివప్పా? సంఘం పేరు మీద కదా ఉండాల్సింది?"

"సంఘం పేరు నాకేం తెల్సు సాబ్? నా పెండ్లాన్ని వ్యానులోంచి చెయ్యి పట్టుకోని దించింది నువ్వు. నాకు తెల్సిన పేరు నీదే."

భాయ్ ఆ రైతు భుజం మీద చెయ్యి వేసి, "సరేలేప్పా, సావుకారు చేత మార్పించుకుంటాలే" అని పంపించాడు.

మార్పించడానికి పోతే సావుకారు ఊళ్లో లేడు. కొడుకు పెళ్లి పనుల మీద బళ్లారి పోయాడు, పది రోజులకు గానీ రాడు. చెక్కుబుక్కు గుమస్తాల చేతికి ఇచ్చే రకం కాదు ఆయన. ఇక్కడ చూస్తే వ్యాను యజమానికి రెండు నెలల బాడుగ బాకీ. శుక్రవారం నుంచి బండి కదలదని తెగేసి చెప్పాడు. వ్యాను నమ్ముకుని ఆరుగురున్నారు. రెండు వాయిదాలు తప్పితే వాళ్లలో ఎవరు ఉంటారో ఎవరు పోతారో చెప్పలేం.

మా సభ్యుల్లో మెడికల్ షాపు ఆయన ఉన్నాడు, కాస్త దురుసు మనిషి. "సాబ్, మీ అకౌంట్లో వేసుకుని తీసివ్వండి. అరగంట పని! మనుషుల ప్రాణాలకన్నా పేరు ఎక్కువా?" అన్నాడు.

"నా అకౌంటులో పడితే అది నా దుడ్డు అయితాది" అన్నాడు భాయ్.

"మేం నమ్ముతాం కదా!"

"మీరు నమ్ముతారు. అకౌంటుకు ఏం తెల్సు?"

ఎంత చెప్పినా వినలేదు. సావుకారు వచ్చేదాకా రోగుల్ని తానే బస్సులో తీసుకుపోతానన్నాడు. చెప్పినట్టే శుక్రవారం తెల్లవారుజామున ఆరుగుర్నీ బస్సెక్కించాడు. అరవై ఎనిమిదేళ్ల మనిషి, ఒక చేతిలో మందుల సంచి, ఇంకో చేతిలో ఎవరిదో చెయ్యి. రాత్రికి అందర్నీ ఇళ్లకు చేర్చి తాను జ్వరంతో మంచమెక్కాడు. సోమవారం మెడికల్ షాపు ఆయన ద్వారా నాకో కవరు పంపాడు. అందులో ఆ చెక్కు, ఒక చీటీ. 'సారూ, జ్వరంలో నేను యాడన్నా పెట్టి మరిచిపోతాను. ఇది నీ దగ్గర దాచు. బ్యాంకులో వేయవద్దు. సావుకారు వచ్చినాక మార్పిద్దాం.'

ఇంత స్పష్టంగా రాశాడు. చదువుకున్నవాణ్ని, చదివాను.

మంగళవారం బడికి సెలవు పెట్టి రోగులతో నేను పోయాను. పోయేటప్పుడు ఎట్లాగో గడిచింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నిలబడ్డానికి చోటు లేదు. మా రోగుల్లో, ఆదోనిలో గాజుల అంగడి పెట్టుకున్న ఒకామె మెట్టు మీద కూలబడిపోయింది. కోడుమూరు దాటాక చూస్తే ఆమె చేతికి సూదులు గుచ్చిన చోట కట్టు తడిసి, చీర మీదికి రక్తం కారుతోంది. నా చేతిరుమాలు పెట్టి అదిమి పట్టుకున్నాను. ఎమ్మిగనూరులో దింపి ఆసుపత్రిలో కట్టు మార్పించేదాకా చెయ్యి తీయలేదు. ఆమె మాటిమాటికీ "సారూ, నా బిడ్డకు ఫోన్ చెయ్యి" అంటోంది. నాకు ఏడుపొచ్చింది. ఏడుపు కన్నా ఎక్కువ కోపమొచ్చింది, భాయ్ మీద. ఏం మనిషయ్యా! నలభై వేల చెక్కు నా బీరువాలో పెట్టుకుని, ఈ తల్లి రక్తం బస్సులో పారబోస్తున్నాం కదా, ఎవరికోసం ఈ నిష్ఠ? ఆయన మంచితనం ఆయన దగ్గర పెట్టుకోమను!

బుధవారం పొద్దున్నే లేచి సంఘం ఫైలు తీశాను. సంఘం ఖాతా తెరిచినప్పుడు ఇచ్చిన ఆయన సొంత పాసుబుక్కు జిరాక్సు అందులో ఉంది. ఎవరి చెక్కు ఎవరు వేసినా బ్యాంకువాళ్లు అడగరు. నంబరు చూసి ఫారం నింపి, ఎమ్మిగనూరు బ్రాంచి గోడకున్న పెట్టెలో వేసేశాను. డబ్బు పడ్డాక చచ్చినట్టు తీసి ఇస్తాడు, రెండు రోజులు మాట్లాడకపోతే మాట్లాడకపోనీ. అదీ నా ధైర్యం. బడికి పోయేటప్పుడు గొప్ప పనేదో చేసినంత తృప్తిగా ఉండింది కూడా.

శుక్రవారం రోగుల వెంట బస్సులో మెడికల్ షాపు ఆయన పోయాడు. శనివారం మధ్యాహ్నం భాయ్ బడికి వచ్చాడు. జ్వరం తగ్గింది గానీ మొహం పీక్కుపోయి ఉంది. ఆ రోజు నేను క్లాసులో ఉన్నా తలుపు దగ్గరికే వచ్చి నిలబడ్డాడు. ఎప్పుడూ అట్లా రాడు. నేను బయటికి రాగానే జేబులోంచి ఫోను తీసి ఇచ్చాడు. రెండు మెసేజీలు. ఒకటి, నలభై వేలు జమ. రెండోది, అదే రోజు, నలభై వేలు కోత. లోను బాకీ కింద.

"ఏంటి భాయ్ ఇది?"

ఆయన బెంచీ మీద కూర్చున్నాడు. "మిల్లు మూసేసినప్పుడు నాతోటి గుమస్తా ఒకడు బ్యాంకు లోను తీసుకోని ఆటో కొనుక్కున్యాడు సారూ. నేను జామీను ఉంటి. వాడు రెండేండ్లు కట్టి, ఊరిడిసిపెట్టి పోయినాడు. ఎప్పుడన్నా నా అకౌంటులో దుడ్డు పడితే బ్యాంకోళ్లు పట్టుకుంటారు. అందుకే అందులో ఎప్పుడూ మున్నూరు రూపాయల కంటే ఉండనీను."

అకౌంటుకు ఏం తెల్సు అని ఆయనన్నది ఇదా!

"ముందే చెప్పొచ్చు కదా భాయ్..." అన్నాను. ఆ మాట కూడా నేనే అన్నాను, చూడండి.

"సెప్పాల్సింది. సిగ్గయింది సారూ. జామీను ఉండి బాకీ పడినోడంటే చెక్కుబుక్కు ఇస్తారా నా చేతికి? సంఘం పనొకటే నాకు మిగిలింది. అది పోతాదని భయం." కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అది కోపమో మరొకటో నాకు తెలియలేదు. ఆయన అడగాల్సిన మాట ఒకటుంది, నేను వద్దన్నాక ఎందుకు వేసినావని. అది మాత్రం అడగలేదు. లేచి, సంచి భుజానికి తగిలించుకుని, "రేపు మీటింగులో నా మాట నేను సెప్పుకుంటా. నీ మాట నువ్వు సెప్పుకో" అన్నాడు.

ఆ సాయంత్రమే నేను నా జీతంలోంచి ఇరవై వేలు తీసి వ్యాను యజమానికి కట్టాను. సంఘానికి అప్పుగా. పాపపరిహారం అనుకున్నాను.

ఆదివారం అందరూ వచ్చారు. భాయ్ లేచి నిలబడి నాలుగే మాటలు చెప్పాడు. "ఆ చెక్కు నా అకౌంటులో పడింది. లోను బాకీకి పోయింది. నెలకు రెండు వేల ప్రకారం నలభై వేలూ కడతా. నన్ను మన్నించాల." కూర్చున్నాడు.

ఎవరు వేశారు, ఎట్లా పడింది అని ఒక్కరు కూడా అడగలేదు. ఆయన చెక్కు ఆయనే వేసుకున్నాడని అందరూ అనుకున్నారు. అందులో వింతేముంది? నేను ఆయన పక్క కుర్చీలోనే ఉన్నాను. నా మాట నేను చెప్పుకోవాలి. లేవడానికి కుర్చీ వెనక్కి జరిపాను. అంతలో మెడికల్ షాపు ఆయన లేచి, "సంగతి ఇట్లా ఉంటే, సారు తన జీతం తెచ్చి వ్యాను నడిపించాడు. మనిషంటే అట్లా ఉండాలి" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు! భాయ్ కూడా కొట్టాడు. నేను పైనున్న ఫ్యాను చూస్తూ కూర్చున్నాను. చప్పట్లు ఆగాక ఇంక నోరు పెగల్లేదు.

కోశాధికారి పదవి మెడికల్ షాపు ఆయనకు ఇచ్చారు. భాయ్ ఇంటికి పోయి ఫాయిళ్లు గుచ్చిన ఇనుప తీగ తెచ్చి ఆయన ముందు పెట్టాడు. అయితే బ్యాంకులో పేరు మార్చాలంటే బోలెడు కాగితాలు కదా, ఎవరికీ తీరిక లేక ఆ పని అట్లాగే ఉండిపోయింది. పదవి ఒకరిది, సంతకం ఇంకొకరిది. పదవి పోయినా ఆయన నెలనెలా అట్టముక్కల మధ్య చెక్కుబుక్కు పెట్టుకుని మా బడికి వస్తూనే ఉన్నాడు.

ఆ ఏడు నుంచి పత్తి సీజనులో రెండు మండీల్లో పద్దులు రాసే పని ఒప్పుకున్నాడు. ప్రతి నెలా ఐదో తేదీ లోపల రెండు వేలు సంఘం ఖాతాలో కట్టాడు. ఇరవై నెలలు, ఒక్క నెల కూడా తప్పలేదు. పదో నెలకు సంఘం నా అప్పు తీర్చేసింది. ఇరవై వేలకు నా పేరు మీద చెక్కు. రాసింది మెడికల్ షాపు ఆయన, సంతకాలు మాత్రం మా ఇద్దరివీ. మొదట ఆయన పెట్టాడు. ఆ డబ్బు ఎవరి చెమటో నాకు తెలుసు. తెలిసీ సంతకం పెట్టాను, తెలిసీ తీసుకున్నాను. తీసుకోకపోతే ఎందుకని అడుగుతారని భయం.

ఊళ్లో మాటలు రాకుండా ఉంటాయా? సాబ్ సంఘం దుడ్డు లోనుకు కట్టుకున్నాడంట అని మార్కెట్లో అనుకున్నారు. అది ఆ రైతు చెవిన కూడా పడింది. ఆయన ఆలూరు నుంచి పనిగట్టుకుని వచ్చి మా మీద లేచాడు. "నేనిచ్చింది సాబ్‌కు. ఆయన తిన్యాడో, పారేసినాడో, మధ్యలో మీకేం? నెలనెలా కట్టించుకుంటారా ముసలాయన దగ్గర?"

భాయ్ ఆయన్ని బతిమాలి ఆటో ఎక్కించి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. అంతకాలంలో ఆయన నోట బాధ అన్న మాట నేను విన్నది ఆ ఒక్కసారే. "తిన్నా పర్వాలేదు అంటాండాడు సారూ. మంచోడు. అయితే తిన్యాననే అనుకుంటాండాడు గదా. అదొకటి బాధ."

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. పక్కన మేమిద్దరమే. నేను "ఊళ్లోవాళ్ల మాటలు పట్టించుకోకు భాయ్" అన్నాను. ఎంత సులువుగా అన్నాను!

రెండు నెలల కింద ఆయన పోతే జనాజా వెంట నడిచాను. మూడు పిడికిళ్లు మట్టి వేశాను. ఇంటికి వచ్చి స్నానం చేసి మామూలుగానే బడికి పోయాను.

బ్యాంకు అమ్మాయి రాసిచ్చిన చీటీ పట్టుకుని ఆ మధ్యాహ్నమే ఆయన ఇంటికి వెళ్లాను. భాభీ గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. సంగతి చెబితే లోపలికి పోయి మరణ ధ్రువీకరణ పత్రం జిరాక్సులు రెండు తెచ్చి ఇచ్చింది. "ఒకటి పెట్టుకో, ఒకటి ఉండనీ. వాళ్లు మళ్లీ అడుగుతారు" అంది. ఇన్నేళ్లు ఆయనతో ఉన్న మనిషి కదా.

లేవబోయి మళ్లీ కూర్చున్నాను. ఇప్పుడు చెప్పకపోతే ఇంక ఈ జన్మకు చెప్పలేనని తెలిసిపోయింది ఆ క్షణాన, అందుకని చెప్పేశాను.

"భాభీ, ఆ నలభై వేల చెక్కు భాయ్ వేసుకోలేదు. వద్దని చీటీ రాసినా వినకుండా నేను వేశాను. మీటింగులో నోరు మూసుకుని కూర్చున్నాను."

ఆమె చేట కింద పెట్టలేదు. బియ్యంలోంచి ఒక మట్టిబెడ్డ తీసి పారేసింది.

"తెల్సు సారూ. ఆ పొద్దే సెప్పినాడు."

"ఏమన్నాడు?"

"సారు మంచోడు, పేషెంట్ల కోసం చేసినాడు, వస్తాడు, వచ్చి మీటింగులో సెప్తాడు సూడు అన్న్యాడు. ఆ ఆదివారం నువ్వు సెప్పలే. ఇంటికొచ్చి, పెద్ద ఉద్యోగం కదా, నలుగుర్లో కష్టమైంటాది, నాతో ఒక్కడితోనైనా సెప్తాడులే అన్న్యాడు. ఇంక నెలనెలా మీ ఊరికి సంతకానికి పోయినప్పుడల్లా, వచ్చేటప్పుడు 'ఇంకేమన్నా ఉందా సారూ' అని అడుగుతాంటినని సెప్పేవాడు. నువ్వు ఏం లేదు భాయ్ అంటివంట. ఇంటికొచ్చి చెప్పులిడుస్తానే, 'ఈ నెల కూడా సెప్పలే' అనేవాడు."

అవును. అడిగేవాడు. బెంచీ మీద నుంచి లేవబోతూ, సంచి సర్దుకుంటూ, ప్రతిసారీ. చెక్కుల గురించే అడుగుతున్నాడనుకున్నాను నేను.

"కోపంగా అనేవాడా భాభీ?"

"కోపమెందుకు? చివరి నెల లేవలేకపాయ. ఆ మెడికల్ షాపాయన్ని చెక్కుబుక్కు ఇచ్చి మీ ఊరికి పంపినాడు. ఆయన తిరిగొచ్చినాక, సారు నాకేమన్నా సెప్పమన్న్యాడా అని అడిగినాడు. త్వరగా కోలుకోమన్న్యాడు అన్న్యాడాయన." చేట పక్కన పెట్టి కొంగుతో చేతులు తుడుచుకుంది. "నాకు సెప్పి ఏం లాభం సారూ? నాకు తెలిసిందే కదా. తెలీనోళ్లకు సెప్పు."

సందు చివరి దాకా వచ్చి, ఒక అరుగు పక్కన నిలబడి, మెడికల్ షాపు ఆయనకు ఫోన్ చేశాను. ఆదివారం అత్యవసరంగా సమావేశం పెట్టమన్నాను. ఆలూరు రైతుకు కూడా కబురు చేయమన్నాను.

"బ్యాంకులో సాబ్ పేరు తీసే తీర్మానమేనా సార్? పుస్తకంలో ఏమని రాసుకోమంటారు?"

"అది రెండోది. మొదట ఇది రాసుకోండి. ఎనిమిదేళ్ల కిందటి ఆ నలభై వేల చెక్కు సాబ్ వేసుకోలేదు. ఆయన వద్దన్నా వినకుండా ఆయన ఖాతాలో వేసింది నేను."

లైను తెగిందేమోనని ఫోను చెవి దగ్గరి నుంచి తీసి చూశాను. తెగలేదు.

"రాసుకున్నారా?" అని అడిగాను.